కంటితో విన్న పాట

ఛందస్సు చెప్పేటప్పుడు మా విద్యార్థులను నేనొక ప్రశ్న అడుగుతుంటాను. "పద్యము" అన్న మాటలో మొదటి అక్షరం గురువా, లఘువా? చూపుకది పొట్టి "ప"యే గదా! సగం మంది లఘువనే అంటారు. పైకి చదవమంటే, వెనుకనున్న "ద్య" ఊనిక తగిలి అది గురువైందని చెవి ఇట్టే పట్టేస్తుంది.

ఈ పేచీ ఇప్పుడు పాటకూ వచ్చిపడింది. మా ఆత్మకూరు (ఎస్)లో నా పాత శిష్యుడొకడు చిన్న గదిలో కంప్యూటరు పెట్టుకుని జానపద గీతాలకు మిక్సింగు చేస్తుంటాడు. అతనికి పాట వినబడక ముందే కనబడుతుంది. తెర మీద గొంతు ఒక వరుస, చప్పట్లు ఒక వరుసగా, కొండలూ లోయలూ పరచినట్లుంటాయి.

కిందటేడు మా పెద్దమ్మ చేత బతుకమ్మ పాట పాడించాడు. ఎనభై దాటిన మనిషి. చరణాల నడుమ ఆమె తీసిన ఊపిరి తెర మీద చిన్న ముళ్లలా కనిపించింది; ఏరి పారేశాడు. ఆడవాళ్ల చప్పట్లు నిలువు గీతలకు కాస్త అటూ ఇటూగా పడ్డాయి; జరిపి గీతల మీద కూర్చోబెట్టాడు. మరీ పొడుగ్గా లేచాయని వాటి మోతా తగ్గించాడు. చూడటానికి ముత్యాల కోవే!

పెద్దమ్మ ఆసాంతం విని, "గొంతు నాదే బిడ్డా, గని పాడింది నేను గాదు" అన్నది.

చప్పట్టు క్షణంలో లేచి క్షణంలో పడిపోతుంది. తెర దాని ఎత్తు చూపుతుంది. చెవి అది ఎంతసేపు నిలిచిందో కూడా లెక్క వేస్తుంది. 1939 ప్రాంతాన అమెరికాలో రూపొందిన వి.యు. మీటరు ముల్లు లేవటానికి సుమారు 0.3 సెకను పట్టేది. ఆ నిదానమే దాని గుణం; రమారమి చెవి నడకనే నడిచేది. 1991లో వచ్చిన ప్రోటూల్స్ వంటి సాధనాలతో పాట యావత్తూ తెరకెక్కి కూర్చుంది.

కన్ను చెవిని ఏమార్చగలదు కూడా. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే శాస్త్రజ్ఞులు "బ" అన్న ధ్వని వినిపిస్తూ, "గ" పలికే పెదవులు చూపారు. పెద్దవాళ్లలో చాలామంది తాము విన్నది "డ" అన్నారు!

శిష్యుడు తెర ఆర్పివేసి మళ్లీ కూర్చున్నాడు. ఊపిరి తిరిగి వచ్చింది. చప్పట్లు వాటి చోటికవి చేరాయి. ఈ ఏడు పెద్దమ్మకు గొంతు పెగలటం లేదు. ఆ పాట మొదలు నుంచి చివరి దాకా మా వాడలో ఆమె ఒక్కతెకే వచ్చు. ఇక మాకు మిగిలింది ఆ మిక్సింగే.

తెర వద్దని నేననను. ఎక్కడ కోయాలో కన్ను చూపుతుంది. కోయాలా వద్దా అన్న మాట మాత్రం చెవిని అడగవలసిందే. ఇంట్లో ఇలాంటి పెద్దమ్మ ఉన్నవారు ఆ ఊపిరిని పారెయ్యకండి.