చేవ్రాలుకు విలువ ఉన్నప్పుడే

పెద్దలు బ్రతికి ఉండగా వీలునామా మాట ఎత్తడం మన ఇళ్ళల్లో అపశకునం. అయినా మా నాన్నగారికి డిమెన్షియా అని వైద్యుడు తేల్చిన తరువాత అక్కయ్యా, మేము అన్నదమ్ములిద్దరమూ ఆ మాట ఎత్తవలసి వచ్చింది. మూడు తరాలుగా చెన్నపట్నంలో ఉంటున్న సంసారం మాది. ఆస్తి పెద్దదేమీ కాదు. పెరంబూరులో ఇల్లు, పించను, బ్యాంకులో కొద్ది డిపాజిట్లు. "తండ్రి కళ్ళ ముందుండగానే పంపకాలా?" అన్న బంధువులు లేకపోలేదు.

మా తొందర పంపకాలకు కాదు. నాన్నగారు అప్పటికి ఉదయం తిన్నది మధ్యాహ్నానికి మరచేవారు గాని, ఇల్లు ఎవరికి చెందాలో, అమ్మకు ఏ లోటు రాకూడదో తేటగా చెప్పగలిగేవారు. ఆ తేట ఎన్నాళ్ళుంటుందో వైద్యుడు కూడా చెప్పలేనన్నాడు.

ఇటువంటప్పుడు ఒక పవర్ ఆఫ్ అటార్నీ వ్రాయించుకొంటే చాలునని చాలామంది అంటారు. వకీలుగారు విడమరచి చెప్పిన సంగతి ఏమంటే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షను ప్రకారం, ఇచ్చినవారికి మతి స్థిమితం తప్పితే ఆ అధికారమూ అంతటితో ముగుస్తుంది. సరిగ్గా అవసరం పడిన నాడే అది చెల్లదన్నమాట. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో అటువంటివారి ఆస్తికి నిర్వాహకుణ్ణి నియమించే ఏర్పాటు ఉండేది. దాని స్థానంలో 2017లో వచ్చిన చట్టంలో అది లేదు. అందుచేత ఆలస్యం చేసిన కుటుంబాలు సంరక్షకుని నియామకం కోసం హైకోర్టుకు పోవలసి వస్తున్నది.

ముందుగా బ్యాంకు ఖాతాలో అమ్మ పేరు చేర్చి, ఇద్దరిలో ఎవరి సంతకమైనా చెల్లేటట్టు 'ఐదర్ ఆర్ సర్వైవర్' అని వ్రాయించాము. డిపాజిట్లకు నామినీలను చూపించాము. నామినీ అంటే సొమ్ము అందుకొనేవారే గాని సొంతదారు కానక్కరలేదు. బీమా విషయంలో సుప్రీంకోర్టు 1984లోనే ఈ మాట చెప్పింది. కాబట్టి వీలునామా అవసరం తీరలేదు.

జబ్బు పేరు పడినంత మాత్రాన వీలునామా వ్రాసే హక్కు పోదు. 1925 నాటి వారసత్వ చట్టం చూసేది, వ్రాసే వేళకు తాను చేస్తున్న పని తనకు తెలుసునా అన్నదే. సాక్షులు ఇద్దరు కావాలి. స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషను తప్పనిసరి కాదు. అయినా మేము రిజిస్టరు చేయించాము. అదే రోజు వైద్యుని సర్టిఫికెట్టు తీసుకొన్నాము. వాటా లేనివారినే సాక్షులుగా పిలిచాము.

ఇల్లు ఇప్పుడే కొడుకుల పేర దానపత్రం వ్రాయించండని ఒకరు సలహా ఇచ్చారు. అందుకు మేము ఒప్పుకోలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ అది ఆయన ఇల్లే.

ముసాయిదా ఇంగ్లీషులో ఉంది. జీవితమంతా ఆఫీసులో అరవం మాట్లాడిన నాన్నగారికి అప్పటికే ఆ భాష తడబడుతున్నది. అందుచేత సాక్షులలో ఒకరైన పొరుగాయన ప్రతి వాక్యాన్నీ తెలుగులో చదివి వినిపించాడు. నాన్నగారు రెండుచోట్ల ఆపారు. అమ్మ బ్రతికినన్నాళ్ళు ఇల్లు అమ్మరాదన్నారు. అక్కయ్యకూ మాతో సమానంగా వాటా ఉండాలన్నారు. రెండూ వ్రాసిన తరువాత మా వైపు తిరిగి, "రేపు నేను ఇంకేదైనా అంటే అది జబ్బు అనే మాట రా. నా మాట ఇదీ" అని సంతకం చేశారు.

2017 చట్టం క్రింద, తన వైద్యం విషయంలో తన తరఫున నిర్ణయించే ప్రతినిధిగా అక్కయ్యను నియమించారు. ఈ ప్రతినిధికి డబ్బు వ్యవహారాలతో సంబంధం లేదు.

నేడు నాన్నగారు మమ్మల్ని గుర్తుపట్టని రోజులే ఎక్కువ. ఒక్కొక్కనాడు ఇల్లు అమ్మేద్దామంటారు. సరేనని మాట మారుస్తాము. పించను సొమ్ము అమ్మ తీసుకొంటున్నది, మందులకు ఇబ్బంది లేదు. మీ ఇంట ఈ జబ్బు పేరు వినవలసి వస్తే, మందుల చీటీ తెచ్చుకొన్న వారంలోనే వకీలును కూడా చూడండి. అంతకంటే ముందు పెద్దల దగ్గర కూర్చుని, వారి కోరిక ఏమిటో వారినే అడగండి.