ఆ ఆరు వందలు ఎవరు తిన్నారు?

నంద్యాలలో అడిగితే ఒక ధర... ఆళ్లగడ్డలో అడిగితే ఇంకో ధర. కార్లు ఒకే ఇంటివి, దారీ ఒకటే. మరి తేడా ఎందుకొచ్చింది? రెండు ఊళ్లలో బాడుగ కార్లు తిప్పే అన్నదమ్ముల మధ్య ఆ ప్రశ్న పెద్ద చిచ్చే పెట్టింది. జవాబు మాత్రం వదిన నోటుబుక్కులో దొరికింది!

తెల్లవారుజామున నంద్యాల రైల్వేస్టేషన్. గుంటూరు వైపు నుంచి వచ్చిన రైలు దిగిందో కుటుంబం. అహోబిలం వెళ్లాలి. ఇంటి పెద్దాయన జేబులో రెండు కార్డులున్నాయి. మొదటి నంబరుకు ఫోన్ చేశాడు. ఆళ్లగడ్డలో అన్న ఎత్తాడు. 'దిగువ అహోబిలం పోయి రావడానికి రూ.3,400 అవుతుంది సామీ' అన్నాడు. ఎందుకైనా మంచిదని రెండో నంబరుకు చేశాడు పెద్దాయన. ఈసారి నంద్యాలలో తమ్ముడు ఎత్తాడు. 'రూ.2,800 ఇయ్యండి, చాలు' అన్నాడు.

పెద్దాయన రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి చూశాడు. రెండింటి మీదా ట్రావెల్స్ పేరు ఒకటే!

'ఏమయ్యా, అక్కడ మాట్లాడింది మీవాళ్లేనా?'

'మా అన్న సామీ.'

'మరి ఒకే ఇంట్లో రెండు ధరలేంటి? ఆ ఆరు వందలు ఎవరు తినడానికి?'

తమ్ముడు ఏదో చెప్పబోయేలోపే ఫోన్ పెట్టేశాడాయన. స్టేషన్ బయట వేరేవాళ్ల కారెక్కి వెళ్లిపోయాడు. బేరం పోయినందుకు అన్నదమ్ములిద్దరికీ పెద్దగా బాధ లేదు. బేరాలు వస్తుంటాయి, పోతుంటాయి. కానీ ఆ మాట... అదే ఇద్దరికీ ముల్లులా గుచ్చుకుంది.

నాన్న అంబాసిడర్

ఈ ఇంట్లో బాడుగ కారు వ్యాపారం నాన్నతోనే మొదలైంది. ఒకే ఒక్క అంబాసిడర్. ఆళ్లగడ్డలో చెట్టు కింద పెట్టుకుని కూర్చునేవాడాయన. పెళ్లిళ్లకూ, ఆసుపత్రులకూ, అహోబిలం మొక్కులకూ అదే బండి. ధరల పట్టిక లాంటిదేమీ లేదు. 'మీకు తోచింది ఇయ్యండి' అనేవాడు. ఎక్కేవాళ్లంతా తెలిసినవాళ్లే కాబట్టి తోచింది ఎప్పుడూ తక్కువ కాలేదు. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. అంతకు చాలాముందే ఆ ఇంటికి కొత్త బళ్లు వచ్చేశాయి.

తమ్ముడు నంద్యాలకు మారడానికి కారణం రైలు. ఆళ్లగడ్డకు కర్నూలు-కడప జాతీయ రహదారి ఉందిగానీ రైల్వేస్టేషన్ లేదు. 2016లో ప్రారంభమైన నంద్యాల-ఎర్రగుంట్ల రైలుమార్గం కూడా బనగానపల్లె, కోవెలకుంట్ల మీదుగా వెళ్లింది. అందుకే దూరప్రాంతాల నుంచి రైల్లో అహోబిలం వచ్చేవాళ్లలో ఎక్కువమంది దిగేది నంద్యాలలోనే. పైగా అక్కడి నుంచి మహానంది దగ్గర. యాగంటి, శ్రీశైలం ప్రయాణాలూ తగులుతుంటాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా కేంద్రమయ్యాక ఆఫీసు పనుల మీద వచ్చేవాళ్లూ పెరిగారు.

అలా అన్న దగ్గర మూడు కార్లు, తమ్ముడి దగ్గర రెండు. పేరు ఒకటి, ఖాతాలు రెండు. ధర ఎవరిది వారిదే. గొడవకు విత్తనం పడింది ఇక్కడే!

ఇద్దరిదీ నిజమే

ఇంతకీ ఆరోజు ఎవరు తప్పు చెప్పారు? లెక్క వేస్తే ఇద్దరూ తప్పు చెప్పలేదు.

నంద్యాల నుంచి దిగువ అహోబిలం సుమారు 70 కిలోమీటర్లు. రానూపోనూ 140. కిలోమీటరుకు రూ.15 వేసుకుంటే రూ.2,100. డ్రైవరు బత్తా రూ.300, దర్శనం అయ్యేదాకా వెయిటింగ్ రూ.400. మొత్తం రూ.2,800. తమ్ముడు చెప్పింది ఇదే.

అన్న కారు మాత్రం ఆళ్లగడ్డలో ఉంది. నంద్యాల ప్లాట్‌ఫాం మీద ఉన్నవాళ్లను ఎక్కించుకోవాలంటే ముందు అక్కడికి ఖాళీగా వెళ్లాలి... 43 కిలోమీటర్లు. పనయ్యాక వాళ్లను మళ్లీ స్టేషన్లో దించి ఖాళీగా రావాలి... మరో 43. డీజిలూ, టైర్ల అరుగుదలా, ఇతర ఖర్చులూ కలిపి ఖాళీ కిలోమీటరుకు రూ.7 పడుతుందనుకుంటే 86 కిలోమీటర్లకు దాదాపు రూ.600. అన్న ఆ ఖర్చును బాడుగలో కలిపాడంతే. ఎక్కువేమీ ఆశపడలేదు.

కానీ ఇదంతా ప్రయాణికుడికెలా తెలుస్తుంది? ఆయన ఎక్కేది నంద్యాలలో, దిగేది నంద్యాలలో. కారు ఏ ఊరి నుంచి వచ్చిందో ఆయనకు అనవసరం. కారును ఎక్కడ పెట్టుకోవాలనేది కార్ల యజమాని సమస్య. ఆ సమస్యకు డబ్బు ప్రయాణికుడు ఎందుకు కట్టాలి?

ఈ చిక్కు ఆళ్లగడ్డ అన్నదమ్ములదే కాదు. ఊరూరా శాఖలున్న పెద్ద పెద్ద కార్ల అద్దె కంపెనీలకూ ఇదే తలనొప్పి. ఒక ఊళ్లో కారు తీసుకుని మరో ఊళ్లో అప్పగిస్తే విదేశాల్లో చాలాచోట్ల అదనపు రుసుము వేస్తారు. ఆ కారును తిరిగి తెచ్చుకునే ఖర్చు అది. అయితే ఎంతన్నది ముందే చెబుతారు. అన్నదమ్ముల దగ్గర లోపించింది ఆ ముందుమాటే.

మాటలు పెరిగాయి

ఆ పెద్దాయన ఫోన్ తర్వాత సర్దుకోవాల్సింది పోయి ఇద్దరూ పంతానికి పోయారు. 'వాడు తక్కువ చెప్పి నా బేరాలు లాగేసుకుంటాండాడు' అని అన్న. 'ఆయన ఎక్కువ చెప్పి పేరు చెడగొడతాండాడు' అని తమ్ముడు. ఆళ్లగడ్డ నంబరుకు ఫోన్ చేసినవాళ్లను నంద్యాల కారుకు అప్పగించడం అన్న మానేశాడు. తమ్ముడేమో అన్న చెప్పిన ధర కనుక్కుని మరో రెండొందలు తగ్గించడం మొదలుపెట్టాడు. దసరాకు అందరూ కలిసి భోంచేసే ఇంట్లో ఆ ఏడాది రెండు పొయ్యిలు వెలిగాయి.

తగ్గించిన రెండొందలు ఎక్కడి నుంచి వస్తాయి? మొదట డ్రైవరు బత్తా చిక్కింది. తర్వాత టైర్లు మార్చడం వాయిదా పడింది. పసుపు నంబరుప్లేటు బండికి పర్మిట్, ఫిట్‌నెస్, బీమా, పన్ను... ఏవీ ఆగవు. తెల్ల నంబరుప్లేటుతో దొంగచాటుగా బాడుగలకు తిరిగే సొంతకార్లకు ఈ ఖర్చులన్నీ ఉండవు. ధర తగ్గించే పోటీలో వాటిని గెలవడం ఎవరి వల్లా కాదు. ఇక అన్నదమ్ములే ఒకరితో ఒకరు పోటీపడితే మిగిలేదేముంది!

వదిన గీసిన గీత

అన్న దగ్గర లెక్కలు రాసేది వదిన. ఏ బండి ఎప్పుడు బయల్దేరింది, మీటరు ఎంత తిరిగింది, డీజిల్ ఎంత పోశారు... అన్నీ ఆమె నోటుబుక్కులో ఉంటాయి. ఓ ఆదివారం మరిదిని పిలిచి అతని బళ్ల లెక్క కూడా తెప్పించుకుంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఒక్కో తేదీ చూసుకుంటూ వెళ్లింది. ఓ చోట ఎర్రపెన్నుతో గీత గీసింది.

ఆరోజు తమ్ముడి కారు నంద్యాల నుంచి కొందరిని అహోబిలంలో దించి, ఆళ్లగడ్డ మీదుగా ఖాళీగా నంద్యాల వెళ్లింది. అదే మధ్యాహ్నం ఆళ్లగడ్డలో ఓ కుటుంబానికి నంద్యాల వెళ్లాల్సిన పని పడింది. అన్న తన కారు పంపాడు. వాళ్లను దించి ఆ కారు ఖాళీగా తిరిగొచ్చింది. ఒకే గంటలో, ఒకే దారిలో, ఒకే ఇంటి కార్లు రెండు! తమ్ముడి ఖాళీ బండిలోనే ఆ కుటుంబాన్ని ఎక్కించి ఉంటే అన్న కారు 86 కిలోమీటర్లు తిరగాల్సిన పనే లేదు. అంటే మళ్లీ అదే... ఆరు వందలు!

'ఆరు వందలు ఎవరు తినాలని ఆ పెద్దాయన అడిగినాడు గదా? మీరిద్దరూ తినల్యా. రోడ్డు తినింది' అందామె.

అన్నదమ్ములు చాలాసేపు మాట్లాడలేదు. ఆ నెలలో అలాంటి ఎర్రగీతలు ఇంకా ఉన్నాయి మరి!

ఒకే పట్టిక

ఆ రాత్రే కొత్త పట్టిక తయారైంది. అందులో మొదటి నియమం... ప్రయాణికుడు ఎక్కిన చోటి నుంచే లెక్క. కారు ఎక్కడి నుంచి వచ్చినా నంద్యాల-అహోబిలం ధర ఒకటే. ఎవరు ఫోనెత్తినా అదే మాట. ఎగువ అహోబిలం వెళ్లాలంటే మరో ఎనిమిది కిలోమీటర్లు కాబట్టి దానికెంతో విడిగా రాసిపెట్టారు. టోల్, పార్కింగ్ వేరని ముందే చెబుతారు.

రెండోది... దగ్గరున్న కారే వెళ్లాలి. ఫోనెత్తినవాడికి బాడుగలో పదో వంతు. అప్పుడు బేరాన్ని దాచుకోవాలన్న బుద్ధి పుట్టదు. తప్పనిసరై ఖాళీగా తిరిగిన కిలోమీటర్లు ఉమ్మడి ఖాతాలోకి వెళతాయి. నెలాఖరులో ఎవరి రాబడిని బట్టి వారు ఆ ఖర్చు పంచుకోవాలి. తిరుగు బండిలో ఒకవైపు వెళ్లేవాళ్లకు తక్కువ ధర. అదీ రెండు ఊళ్లలో ఒకటే.

మూడోది డీజిల్. బంకుల్లో ధర 2017 జూన్ 16 నుంచి రోజూ మారే పద్ధతి వచ్చింది. బాడుగ కూడా రోజూ మారిస్తే అడిగినవాడికి నమ్మకం పోతుంది. అందుకని నెలకోసారి, ఒకటో తేదీన మాత్రమే పట్టిక చూసుకుంటారు. అడ్వాన్సు ఇచ్చినవాళ్లకు మాత్రం పాత ధరే.

అసలు పరీక్ష పండగలప్పుడు వచ్చింది. మహాశివరాత్రికి రద్దీ అంతా మహానంది, శ్రీశైలం వైపే. అన్న కార్లు రెండు నంద్యాల వెళ్లి అక్కడే పడుకున్నాయి. ఆళ్లగడ్డలో అడిగినవాళ్లకు బండి లేదని చెప్పాల్సి వచ్చినప్పుడు అన్న మనసు చివుక్కుమంది. 'నా బళ్లతో వాడు బాగుపడతాండాడు' అని పైకే అనేశాడు. వదిన ఏమీ అనలేదు. శివరాత్రి వెళ్లగానే ఫాల్గుణం వచ్చింది. అహోబిలం నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు! ఈసారి తమ్ముడి కార్లు ఆళ్లగడ్డ వచ్చాయి. డ్రైవర్లకు అన్నం వడ్డిస్తూ వదిన భర్త వంక చూసింది... అంతే. ఆయన తలదించుకుని తిన్నాడు.

అందరూ కలిస్తే?

ఈ సంగతి తెలిసి స్టాండులో మిగతా యజమానులూ ముందుకొచ్చారు. 'మనమందరం ఒకే ధర పెట్టుకుందాం. ఎవరూ తగ్గించకూడదు' అన్నారు. వినడానికి బాగానే ఉంది. కానీ ఇక్కడో గీత ఉంది. ఒక వ్యాపారం తన రెండు శాఖల్లో ఒకే ధర పెట్టుకోవడం వేరు. పోటీలో ఉన్న వేర్వేరు యజమానులు కూడబలుక్కుని ధర నిర్ణయించడం వేరు. అది పోటీని దెబ్బతీసే ఒప్పందమంటుంది 2002 నాటి కాంపిటీషన్ చట్టం. ట్యాక్సీ ఛార్జీల విషయంలో ఆదేశాలిచ్చే అధికారాన్ని మోటారు వాహనాల చట్టం రాష్ట్ర ప్రభుత్వాలకిచ్చింది.

యాప్ క్యాబ్‌ల మీదా ఇలాంటి వివాదమే నడిచింది. వేల మంది డ్రైవర్లకు ఒకే యాప్ ధర చెబితే అది కుమ్మక్కు కాదా అని ఫిర్యాదు వెళ్లింది. డ్రైవర్ల మధ్య అలాంటి ఒప్పందమేదీ లేదంటూ కాంపిటీషన్ కమిషన్ 2018లో దాన్ని కొట్టేసింది. సుప్రీంకోర్టు కూడా 2020 డిసెంబరులో ఆ నిర్ణయాన్నే సమర్థించింది.

అందుకే అన్నదమ్ములు స్టాండులో ఒకే మాట చెప్పారు. 'మీ ధర మీ ఇష్టం. తిరుగు బండి ఖాళీగా ఉంటే మాత్రం ఒకరికొకరం చెప్పుకుందాం.'

ఇప్పుడు ఆ ఇంట్లో పొయ్యి మళ్లీ ఒక్కటే. అలాగని గొడవలు పూర్తిగా పోలేదు. బత్తా పెంచాలని ఒకరు, వెయిటింగ్ తగ్గించాలని ఒకరు... నెలాఖరు ఆదివారం వచ్చిందంటే నోటుబుక్కు చుట్టూ కాసేపు వాదనలు నడుస్తూనే ఉంటాయి. మరి ఎర్రగీతలో? తగ్గాయిగానీ పోలేదు. ఒక్కోరోజు ఎవరో ఫోన్ చేయడం మరిచిపోతారు. రోడ్డు తన వాటా తాను తినేస్తుంది.

అయినా ఆళ్లగడ్డ దాటాక సాయంత్రం పూట ఆ ఇంటి కార్లు రెండు అప్పుడప్పుడూ ఎదురుపడతాయి. ఒకదాంట్లో అహోబిలం వెళ్లేవాళ్లు, ఇంకోదాంట్లో రైలెక్కబోయేవాళ్లు. డ్రైవర్లు లైట్లు ఒకసారి వెలిగించి ఆర్పుతారు. వెనక సీట్లో కూర్చున్నవాళ్లకు అదేమిటో అర్థంకాదు.

ఖాళీ లేదు... రెండు బళ్లూ నిండుగానే ఉన్నాయని!