మేనమామ కొడుకు యేమవుతాడు?

మనుష్యుడు తన మనసుకు తోచినట్లు నడుచుకుంటాడని అందరమూ అనుకుంటాము. యిది ముచ్చట, అది అసహ్యం అని లోపలినుంచి యేదో చెబుతుందనీ, అది యెవరికి వారికి పుట్టుకతో వచ్చినదేననీ మన నమ్మకం. ఒకే భాష, ఒకే ఆచారం గల వూళ్లో పుట్టి అక్కడే తల నెరసినవారికి యీ నమ్మకం చెదిరే సందర్భం రాదు. పరాయి రాష్ట్రాలలో కాపురాలు పెట్టుకున్న మనబోటివారి సంగతి వేరు. గోడకు యివతల ఒక న్యాయం, అవతల మరొక న్యాయం. రెండిళ్లవారూ మర్యాదస్థులే, రెండిళ్లవారూ దేవుడికి దణ్ణం పెట్టేవారే. అయినా ఒకరు చంకలు గుద్దుకునే మాటకు మరొకరు చెవులు మూసుకుంటారు.

మేము నాలుగు తరాలుగా బరంపురంలో వున్నాము. మా ముత్తాతగారు వచ్చేనాటికి యిది మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లా. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మేము కూర్చున్న చోటనే వుండి రాష్ట్రం మారిపోయాము. "బండి యెక్కకుండానే ప్రయాణమైపోయింది" అనేది మా నాయనమ్మ. మా వీధి అప్పటికే సగం తెలుగు, సగం ఒడియా. మేము చద్దన్నం అంటాము, వారు పఖాళ అంటారు. యెండాకాలం మధ్యాహ్నం రెండిళ్లలోనూ చల్లబడేది ఒకే కడుపు. మా ఉగాది చంద్రుణ్ణి బట్టి, వారి పణా సంక్రాంతి సూర్యుణ్ణి బట్టి. కొత్త సంవత్సరం రెండుసార్లు వస్తే పిల్లలకు అభ్యంతరమేముంటుంది? జూన్ నడుమ రజపండుగకు మా ఆడపిల్లలు కూడా వారి పిల్లలతో సమంగా వుయ్యాలలూగుతారు. రెండేళ్లకొకసారి ఠాకురాణి జాతర వచ్చినప్పుడు వీరు తెలుగువారు, వీరు ఒడియావారు అని వేరుచేయటం ఆ అమ్మవారి తరం కూడా కాదు. తిండిలోనూ, పండుగలోనూ కలిసిపోవటం చాలా సులభం.

చిక్కంతా వరుసల దగ్గర వస్తుంది.

ఎనిమిదేళ్ల క్రిందటి మాట. మా అమ్మాయి చదువు ముగించి యింటికి వచ్చింది. మా బావమరిది కుటుంబం యిచ్ఛాపురంలో వున్నది. సరిహద్దు దాటగానే వచ్చే వూరది. పొద్దున్న వెళ్లి మధ్యాహ్నం భోజనానికి తిరిగి రావచ్చు. అతని కొడుకు బుద్ధిమంతుడు, ఉద్యోగస్తుడు. మా పిల్ల పుట్టిన పురిటి మంచం దగ్గరే మా అత్తగారు "నా మనుమడికి పెళ్లాం పుట్టింది" అని వూరంతా చాటారు. యిరవై నాలుగేళ్లపాటు ఆ మాటను యెవరూ కాదనలేదు, అవునని కాయితం రాయనూ లేదు. అటువంటి మాటలకు కాయితాలెందుకు?

తీరా అడిగితే పిల్ల ముఖం పాలిపోయింది. "అతను నాకు భాయి గదమ్మా! భాయితో పెళ్లేమిటి?" అన్నది. మా యింటావిడ మొదట వేరే యెవరి మీదనో మనసున్నదేమోనని అనుమానించింది. అదేమీ లేదు. కుర్రవాడంటే యిష్టం లేకనా అంటే, అదీ కాదు; బోలెడంత యిష్టం. చిన్నప్పటినుంచీ అతని వెంట తిరిగిన పిల్లే. ఆ యిష్టం వల్లనే దానికి ఆ మాట అంత రోతగా తోచింది. అది వాదించటానికి వేసిన వేషం కాదని మాకు దాని ముఖం చూస్తేనే తెలిసింది. ఆ రాత్రి అన్నం ముట్టలేదు.

దీనికి కారణం వెదకబోతే మాకు మొదట కనపడినది భాష. మనకు మేనమామా మామే, పెళ్లికూతురికి మామగారూ మామే. మేనత్తా అత్తే, అత్తగారూ అత్తే. వారి కొడుకు బావ, కూతురు మరదలు. ఒక్క పెళ్లీ జరగకముందే పెళ్లికి కావలసిన పేర్లన్నీ మన నోట్లో సిద్ధంగా వున్నవి. ఒడియాలో అట్లా కాదు. మేనమామ 'మాము', మామగారు 'శశుర'. మేనత్త 'పిఉసీ', అత్తగారు 'శాశు'. మాము కొడుకు 'మాము పుఅ భాయి', అనగా మామ కొడుకైన అన్న. ఆ మాటలోనే 'భాయి' కూర్చుని వున్నాడు. మా పిల్ల యింట్లో బావా అని పిలిచింది. వీధిలోకి వచ్చి స్నేహితురాళ్లతో చెప్పవలసి వచ్చినప్పుడల్లా 'మాము పుఅ భాయి' అన్నది. బడిలో పదేళ్లు, కాలేజీలో అయిదేళ్లు ఆ మాటే అన్నది. మేము యింట్లో వాడిన మాట గంటకు ఒకసారి, అది వీధిలో వాడిన మాట గంటకు పదిసార్లు.

మాటలకు తోడు నవ్వులు. తెలుగు యింట్లో మేనమామ పిల్లలు చుట్టపుచూపుగా వస్తే పెద్దవాళ్లు వూరుకుంటారా? "అదుగోనే నీ మొగుడొచ్చాడు" అని అయిదేళ్ల పిల్లను ఆటపట్టిస్తారు. పిల్ల లోపలికి పరుగెడుతుంది, ఆడవాళ్లందరూ పకపకా నవ్వుతారు. ఆ నవ్వే పాఠం. యెవరు సిగ్గుపడవలసినవారో, యెవరి ముందు స్వేచ్ఛగా వుండవచ్చునో అది నేర్పుతుంది. మా పొరుగింటి పిల్లలకు యీ పాఠం మరొక విధంగా వచ్చేది. శ్రావణ పూర్ణిమ నాడు మాము కొడుకులకు రాఖీ కట్టేవారు. ఒకసారి మా పిల్ల కూడా వారిని చూసి, సెలవులకు వచ్చిన బావ చేతికి రాఖీ కట్టింది. అప్పుడు దానికి తొమ్మిదేళ్లు. మా అత్తగారు "అయ్యయ్యో, అపచారం!" అని గబగబా ఆ దారం విప్పించారు. పొరుగింటావిడ యిదంతా గుమ్మంలో నిలబడి చూసి, అన్నకు కట్టిన రాఖీ విప్పించటమేమిటని విస్తుపోయింది. యిద్దరికీ ఆ దారం ఎంతో పవిత్రమైనది. అందుకనే ఒకావిడ విప్పించింది, మరొకావిడ బాధపడింది.

మేనమామ అంటే వారికి గౌరవం తక్కువ అనుకోరాదు. ప్రథమాష్టమి నాడు (మన లెక్కకు కార్తిక బహుళం, వారి లెక్కకు మార్గశిరం) యింటి పెద్దబిడ్డకు మాము యింటినుంచి కొత్తబట్టలు రావలసిందే. పసుపు ఆకులో ఆవిరిమీద వుడికించిన ఎండూరి పిఠా పెట్టవలసిందే. మన పెళ్లిళ్లలో పిల్లను గంపలో కూర్చోబెట్టి తెచ్చేదీ మేనమామే. మామ మీది ప్రేమ రెండు చోట్లా ఒకటే. ఆ ప్రేమ యెటు దారితీయవచ్చునో, యెక్కడ ఆగవలెనో చెప్పే గట్లు మాత్రం వేరు.

రక్తం దగ్గరైతే రోత పుట్టటం సహజం గదా అని ఒక మిత్రుడు మాతో అన్నాడు. ఆయన మాటను కాస్త పరీక్షించి చూడవలె. మేనమామ కూతురూ, పెదనాన్న కూతురూ రక్తంలో సమానమే. తాత, నాయనమ్మల జంట ఒక చోట, తాత, అమ్మమ్మల జంట మరొక చోట, అంతే తేడా. అయినా పెదనాన్న కూతురితో పెళ్లి అన్న మాట వింటే మేనరికానికి మురిసిపోయే తెలుగువాడే చెవులు మూసుకుంటాడు. మా వీధి మలుపులో వున్న ముస్లిం కుటుంబంలో పెదనాన్న కూతురినే చేసుకున్నారు. వారికి అందులో వింత యేమీ లేదు. ఒక్క వీధిలో మూడు న్యాయాలు. మహారాష్ట్రలో వున్న మన పాఠకులు నాలుగవది కూడా చూసి వుంటారు: అక్కడి అనేక కులాలలో మేనమామ కూతురు కూడుతుంది, మేనత్త కూతురు కూడదు. ఇరావతీ కర్వే గారు 1953లో వెలువరించిన బంధుత్వ వ్యవస్థల గ్రంథంలో ఉత్తరాది, దక్షిణాది రీతులను వివరంగా విడదీసి చూపి, మహారాష్ట్రను ఆ రెండిటి నడిమి నేలగా లెక్కగట్టారు. రక్తానికి యిన్ని నాలుకలుండవు. మాట్లాడేది చుట్టూ వున్న జనం.

మన పెద్దలకు యీ సంగతి తెలియదనుకోవద్దు. బౌధాయన ధర్మసూత్రంలో దక్షిణాదివారి వివాదాస్పదమైన ఆచారాలు అయిదు, ఉత్తరాదివారివి అయిదు చెప్పారు. మేనమామ కూతురును, మేనత్త కూతురును పెళ్లాడటం దక్షిణాది పట్టీలో వున్నది. సముద్రయానం, వున్ని వ్యాపారం వంటివి ఉత్తరాది పట్టీలో వున్నవి. యెక్కడి ఆచారం అక్కడ దోషం కాదట, దానిని రెండవచోట ఆచరిస్తేనే దోషమట. ఆ మాటను గౌతముడు ఒప్పుకోలేదని కూడా అక్కడే వున్నది. మరి బరంపురం దక్షిణమా, ఉత్తరమా? ఋషులు తేల్చవలసిన యీ ప్రశ్న మా వంటింటి గుమ్మంలో పడింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం ఋషికంటే తెలివిగా తప్పించుకున్నది. అన్నాచెల్లెళ్ల పిల్లల మధ్య పెళ్లి నిషేధమని రాసి, వారి వారి ఆచారం ఒప్పుకుంటే నిషేధం లేదని పక్కనే రాసింది.

కథలు సైతం గుంపును బట్టే నడుస్తాయి. పూరీలో సుభద్ర యిద్దరన్నల నడుమ నిలబడిన చెల్లెలు. మన యింట్లో సుభద్ర అనగానే అర్జునుని మరదలు గుర్తుకు వస్తుంది. రెండూ నిజమే, యెవరు యే సుభద్రను ముందు తలుచుకుంటారో అన్నదే తేడా. మనకు ఆ ఒక్క మేనరికం చాలక అభిమన్యునికి బలరాముని కూతురును కూడా కట్టబెట్టుకున్నాము. వ్యాసభారతంలో శశిరేఖ లేదు. అయినా 1957లో వచ్చిన మాయాబజార్ చూసిన తెలుగువాడు యెవడైనా ఆ పెళ్లి ఆగిపోవాలని కోరుకున్నాడా? బావకు మరదలు దక్కకపోవటమే మన కంటికి అన్యాయం. లేని పెళ్లిని కల్పించుకుని మరీ కన్నీరు పెట్టుకున్నాము.

మర్నాటికి పిల్ల వైద్యశాస్త్రం యెత్తుకున్నది. దగ్గరి చుట్టాల పెళ్లిళ్లలో పుట్టే బిడ్డలకు పుట్టుకతో వచ్చే లోపాలు నూటికి మూడు వుండవలసిన చోట అయిదారు వుంటాయని వైద్యులు చెబుతున్నారు. యిది నిజమైన మాట. పిల్లల పెళ్లిళ్లు తలపెట్టేవారు చెవిన పెట్టవలసిన మాట. మా అత్తగారు వెంటనే తమ అక్కచెల్లెళ్ల సంతానం అంతటినీ వేళ్ల మీద లెక్కపెట్టి "వీళ్లలో యెవరికి లోపమున్నదో చూపించు" అన్నారు. మేము గమనించినది యేమిటంటే, పిల్లకు రోత ముందు పుట్టింది, శాస్త్రం తరువాత దొరికింది. పెద్దావిడకు మురిపెం ముందు, లెక్క తరువాత. యిద్దరిలో యెవరూ లెక్క చూసి మనసు కుదుర్చుకోలేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో కూడా తమిళనాడు, కర్ణాటకలలో పెళ్లయిన స్త్రీలలో నూటికి పాతికమందికి పైగా చుట్టాలనే చేసుకున్నట్లు తేలింది. అక్కడ వైద్యులకు కొదవ లేదు గదా!

పెళ్లి మానుకున్నాము. పిల్ల నిద్రపోలేనంత యేవగింపు పడుతుంటే మానక యేం చేస్తాము? దాని ఫలితం రెండు వైపులా అనుభవించాము. బరంపురంలో తెలిసిన ఒడియా మిత్రులు "అసలు ఆ ఆలోచన మీకెట్లా వచ్చింది?" అని మెల్లగా అడిగారు. యిచ్ఛాపురంలోనూ, శ్రీకాకుళంలోనూ బంధువులు "మేనబావే వద్దన్నాడంటే పిల్లలో యేం లోపమున్నదో" అని గుసగుసలు పోయారు. వద్దన్నది పిల్ల అని యెంత చెప్పినా నమ్మలేదు. వారి లోకంలో పిల్ల బావను వద్దనటమనేది వుండదు. మా బావమరిది రెండు సంవత్సరాలు మా గడప తొక్కలేదు. అతనికి జరిగినది అవమానం అని మేము యిప్పటికీ ఒప్పుకుంటాము. అతని హక్కు అతను యేనాడూ అడిగి తీసుకున్నది కాదు. అందరూ కలిసి అతని చేతిలో పెట్టినది. అటువంటిది పోతేనే మనిషికి యెక్కువ నొప్పి.

మూడవ యేట పిల్లకు విజయనగరం సంబంధం కుదిరింది, చుట్టరికం యేమీ లేని యింట్లో. పెళ్లినాడు బావమరిది వచ్చాడు. యెవరితోనూ మాట్లాడలేదు. మేనమామను పిలవండి అని పురోహితుడు కేక వేసినప్పుడు మాత్రం తుండుగుడ్డ నడుముకు బిగించి, పిల్లను గంపలో యెత్తుకుని పీటల మీదికి తెచ్చాడు. తరువాత రాకపోకలు మొదలైనవి. అతని కొడుక్కు కూడా పెళ్లయి ఒక ఆడపిల్ల పుట్టింది.

మా మనుమడికి యిప్పుడు నాలుగేళ్లు. అల్లుడికి ఉద్యోగం బరంపురంలోనే కావటంతో వాడు మా వీధిలోనే ఆడుకుంటున్నాడు. మొన్న యిచ్ఛాపురం నుంచి ఆ కుర్రవాడు భార్యాబిడ్డలతో వచ్చాడు. తల్లికి బావ వరుస గనుక బిడ్డకు పెదనాన్న అవుతాడని మా అత్తగారు వాడికి పొద్దుటినుంచీ నేర్పుతూనే వున్నారు. వీధిలో పిల్లల లెక్క వేరు: అమ్మకు భాయి గనుక మాము. మనుమడు గుమ్మంలోకి పరుగెత్తి "మామూ!" అని చేతులు చాచాడు. మా అత్తగారు "పెదనాన్న అనరా" అన్నారు. అంతలోనే ఆవిడ చూపు, తల్లి కొంగు పట్టుకుని నిలబడిన ఆ చిన్నపిల్ల మీద పడింది. వచ్చినవాడు పెదనాన్న అయితే ఆ పిల్ల వాడికి చెల్లెలు. మామ అయితే మరదలు. ఆవిడ పెదవి విప్పబోయి, మా అమ్మాయి వైపు ఒకసారి చూసి, మళ్లీ వాణ్ణి సరిదిద్దలేదు.