సాంబ్రాణియు, అలారమును

తిరుపతిలో మా యిల్లు రెండంతస్తులది. క్రింద హాలు, వంటిల్లు, పూజగది, మా అత్తగారి పడకగది. పైన మేమును పిల్లలును పరుండు గదులు. మెట్ల క్రింద ఇన్వర్టరును దాని బ్యాటరీయు నున్నవి. మన ప్రాంతమున ఇది సామాన్యమైన ఏర్పాటే గనుక చదువరులగు సోదరీమణులలో పెక్కుర యిండ్లును ఇట్లే యుండవచ్చును. రాత్రి పది గంటలకు వరండా గ్రిల్లుకు తాళము వేసి, తాళపుచెవి మావారి దిండు క్రింద నుంచుకొని నిద్రించుట మాకు చిరకాలపు అలవాటు.

2023 వేసవిలో ఒక రాత్రి ఆ యిన్వర్టరు తీగ కాలి పొగ లేచినది. మంట లేదు, చప్పుడు లేదు. మా అత్తగారికి నిద్ర తక్కువ. మంచినీళ్లకు లేచి, ఘాటు తగిలి, చేతికఱ్ఱతో మెట్ల కమ్మీని కొట్టి కొట్టి మమ్ము లేపిరి. తలుపులు మూసికొని ఏసీ వేసికొని పరుండిన మాకు ఏ వాసనయు తెలియలేదు. మావారు పరుగున పోయి మెయిను ఆపిరి, తీగ ఊడదీసిరి. నష్టము ఒక తీగయు, గోడకు పట్టిన మసియు మాత్రమే. అయినను ఆ రాత్రి మరల ఎవరికిని కన్ను మూతపడలేదు. ఇంటిల్లిపాది ప్రాణములును ఎనుబది యేండ్ల ముసలితల్లి దాహముమీద ఆధారపడి యుండెను గదా!

మా భయమునకు మరియొక కారణము గలదు. అంతకు ముందటి యేడు, 2022 సెప్టెంబరులో, వారము దినములలోపలనే మన సీమలో రెండు ఘోరములు జరిగెను. చిత్తూరులో కాగితపు ప్లేట్లు చేయు కార్ఖానా రాత్రివేళ అంటుకొని ముగ్గురు మరణించిరి. పిమ్మట 25వ తేదీ తెల్లవారుజామున రేణిగుంటలో, క్రింద వైద్యశాలయు పైన కాపురమును గల యింట నిప్పు పుట్టి తండ్రియు ఇద్దరు బిడ్డలును పోయిరి. ఆ పసివారి ప్రాణము తీసినది ఊపిరాడనీయని పొగ. వాసన వచ్చిన లేవకపోదుమా యని మనమందరము అనుకొందుము. గాఢనిద్రలో నున్నవానిని వాసన లేపదు. పొగలోని కార్బను మోనాక్సైడు లేపకపోగా మఱింత మత్తునకు త్రోయును.

మా పెద్దమ్మాయి స్కాట్లండులోని ఎడింబరోలో కాపురమున్నది. 2017లో లండనులోని గ్రెన్‌ఫెల్ టవరు కాలి 72 మంది చనిపోయిన పిదప అచ్చట నియమములు బిగించిరి. 2022 ఫిబ్రవరి మొదలు స్కాట్లండులో ప్రతి యింటను ఒకదానితో నొకటి ముడిపడిన అలారము లుండవలెనని విధించిరి. హాలులో నొకటి, ప్రతి యంతస్తునను నడవలోనో మెట్లయొద్దనో ఒకటి, ఇవి పొగకు. వంటింట నొకటి, అది వేడికి. ఆ లెక్క ప్రకారమే మా యమ్మాయి నాలుగు తెచ్చి యిచ్చినది. అమెరికాలోని మా మరిది కుమారుడును పంపెదననెను గాని, అచ్చటి కరెంటు 120 వోల్టులు. ఆ పరికరములు మన 230 వోల్టులకు నిలువవు. బ్రిటనులో మనవలెనే 230.

ముడిపడుట యనగా నేమి? క్రింద మెట్లచెంత పొగ సోకినచో అచ్చటిది మాత్రమే గాక నాలుగును ఒక్క పెట్టున కూయును. మూసిన తలుపుల వెనుక, ఫ్యాను హోరులో పరుండినవానికి దూరపు కూత వినబడదు. తన గుమ్మముచెంతది కూసిననే లేచును. మొదట పొగను పట్టినదానియందు ఎఱ్ఱదీపము వడివడిగా మినుకును గనుక నిప్పు ఎచ్చటనో తెలియును. లోపలి కీలకము చిత్రమైనది. పెంకుటింటి కన్నమునుండి పడు ఎండలో ధూళి కనబడునట్లు, చీకటి డబ్బాలో సాగు వెలుతురు పొగరేణువులకు తగిలి చెదరును. ఆ చెదరిన వెలుతురును చూచి యంత్రము కూయును. వంటింటిదానికి మాత్రము పొగతో పనిలేదు. అది 58 డిగ్రీల సెంటిగ్రేడు ప్రాంతమున గాని నోరు తెఱవదు. లేనిచో ఎండుమిరపకాయల పోపు వేసిన ప్రతిసారియు ఊరంతయు మేలుకొనదా?

కరెంటు పనివాడు వచ్చి స్లాబునకు డ్రిల్లుతో రంధ్రములు వేసి, ప్లాస్టిక్ ప్లగ్గులు దిగగొట్టి, స్క్రూలతో పీటలను బిగించి, వానికి యంత్రములను తగిలించెను. గోడకును దీపమునకును అడుగు దూరము తప్పక విడువవలెను. మూలలో గాలి కదలదు గనుక పొగ అచ్చటికి ఆలస్యముగా చేరును. ఫ్యానుకు చేరువను పెట్టినచో దాని గాలి పొగను చెదరగొట్టును. ఫేజు, న్యూట్రలు గాక నాలుగింటిని కలుపు మూడవ తీగ యొకటి గలదు. దానిని ఎర్తు తీగ యనుకొని ఎర్తుకు కలిపెదనని అతడు పట్టుపట్టగా, కాగితములోని బొమ్మ చూపి ఆపవలసి వచ్చెను.

ఇంత చూచియు ఒకచోట మోసపోతిమి. కరెంటును నడవదీపపు స్విచ్చి దాటిన పిమ్మట తీసికొనెను. దీప మార్పినచో అలారములకును కరెంటు లేదు! లోపలి బ్యాటరీతో కొంతకాలము గడచెను. పిమ్మట ఒక అర్ధరాత్రి నుండి నిమిషమున కొకసారి “టిక్” మని సన్నని ధ్వని. అత్తగారు బల్లి పలికినదనుకొని దిక్కును బట్టి ఫలము చూచి, మావారి ప్రయాణ మొకటి మాన్పించిరి. రెండు దినముల తరువాత మా చిన్నవాడు, “పచ్చదీపము వెలుగుట లేదు” అనగా గుట్టు బయటపడెను. మెయిను కరెంటు ఉన్నంతసేపును ఆ పచ్చదీపము వెలుగుచునే యుండవలెను. ఇప్పుడు ఏ స్విచ్చికిని లోబడక, హాలు దీపముల ఎంసీబీనుండియే తీసికొన్నాము. అది పడిపోయినచో దీపములును ఆరును గనుక వెంటనే తెలియును.

అసలు కలహము శుక్రవారమున పుట్టెను. హాలులోని అలారము పూజగది గుమ్మమునకు ఎదురుగా నుండెను. అత్తగారు సాంబ్రాణి వేసి ధూపము త్రిప్పగానే నాలుగును గొల్లుమనినవి. ఆమె చేతిలోని ధూపపాత్ర జారి నిప్పులు నేలరాలినవి. ఆమె మాతో, “ఏమ్మే, సామికి సాంబ్రాణి వేస్తే మీ మిషను ఏడవాల్నా? దాని కోసరము దీపము కూడా మానుకోమంటారా?” అనిరి. మేమును ఓర్పు తప్పి, పొగకు దేవుని పొగయని వేఱు లేదంటిమి. ఆ మాట అనకుండవలసినది. మరుసటి వారము అలారము కూయలేదు. యంత్రము బుద్ధి తెచ్చుకొన్నదని సంతసించితిమి. తరువాత బూజు దులుపుచు చూడగా దాని చుట్టును పాలితీను సంచి, సంచిమీద రబ్బరుబ్యాండు. పనిపిల్లచే కట్టించినదెవరో అడుగ నక్కరలేకపోయెను.

కోపము వచ్చెను; కాని ఆ రాత్రి కఱ్ఱతో కమ్మీని కొట్టి మమ్ము లేపినదియు ఆ చేతులే. ఆమె ప్రక్కన కూర్చుండి, “అత్తయ్యా, ఆ రాత్రి మీరు లేచినారు కాబట్టి మేమున్నాము. ఒకనాడు మీకు మంచి నిద్ర పట్టినచో మాకెవరు దిక్కు? దానికే ఇది” అంటిమి. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప, “అయితే దాన్ని ఆ పక్కకు జరపండి” అనిరి. పనివానిని మరల పిలిపించి హాలు ఆవలి కొనకు మార్చితిమి. ధూపమునకు ముందు కిటికీలు తెఱచుచున్నాము. అప్పుడప్పుడు కూసినను, దానియందలి మీట నొక్కినచో పది నిమిషములపాటు ఊరకుండి, పిమ్మట తనంత తానే కాపలాకు వచ్చును.

తాళపుచెవిని గూర్చి హెచ్చరించినదియు ఆమెయే. “అందరూ లేస్తారు సరే, గ్రిల్లు తాళము చీకట్లో ఎవడు వెతుకుతాడు?” అనిరి. నాలుగు అలారముల ఖర్చు పెట్టిన మాకు ఇది తోచలేదు! ఇప్పుడు చెవి గుమ్మము లోపలి ప్రక్కన, పిల్లల చేతికందు మేకునకు వ్రేలాడుచున్నది.

అలారమును తరచుగా పరీక్షింపవలెనని వ్రాసియున్నది. ఆ పని అత్తగారు తామే తీసికొన్నారు. శనివారము స్వామికి దీపము పెట్టి, చేతికఱ్ఱ కొనతో పరీక్షమీటను నొక్కుదురు. నాలుగును కూయగానే పిల్లలు చెవి తీసి గ్రిల్లు తెఱచి తులసికోటయొద్దకు పరుగెత్తుదురు. ఆమె గుమ్మములో నిలిచి తలలు లెక్కింతురు. పోయిన శనివారము ఒక తల తగ్గెను. మావారు గడ్డము గీచుకొనుచు, “పరీక్షయే గదా” యని లోపలనే యుండిరి. ఆయనకు ఫలహారము పెట్టవలదని మాకు ఆజ్ఞ యైనది.