చిన్నోడి పెద్ద ప్రయాణం

''మళ్ళీ వీడు బడికి పోయేదాకా నేను రానమ్మా!''

శంషాబాద్‌లో దిగగానే మా అమ్మాయి అన్న మొదటి మాట ఇది. పద్నాలుగు నెలల పిల్లాణ్ని ఒళ్లో పెట్టుకుని డాలస్ నుంచి ఒంటరిగా వచ్చింది. దారి పొడుగునా వాడు ఒకటే ఏడుపు. వెనక సీటాయన ''ఊరుకోబెట్టడం రాదా?'' అని విసుక్కున్నాడట. ఆ మాట దాని మనసులో ముల్లులా దిగిపోయింది.

బడికి అంటే ఇంకో మూడు నాలుగేళ్లు. అప్పటికి వాడికి అమ్మమ్మ ఎవరో, తాత ఎవరో! ''ఏం కాదు బిడ్డా, పోయేటప్పుడు నేనొస్త నీతోని'' అన్నాను. అనడమైతే అన్నాను గానీ, నాకూ విమానం కొత్తే.

మాది మిర్యాలగూడ. వియ్యాలవారిది కోదాడ. మా ఆడబిడ్డది సూర్యాపేట. ఆగస్టులో ప్రయాణానికి ముందు అందరికీ చెప్పి రావాలని కారులో బయల్దేరాం. ఆ తిరుగుడే మాకు పెద్ద పాఠమైంది.

మిర్యాలగూడలో రైసుమిల్లులు దాటి హుజూర్‌నగర్ దారి పట్టాం. సాగర్ ఎడమ కాలువ నీళ్లతో పచ్చగా ఉన్న పొలాలు, ధాన్యం లారీలు, బర్రెలు... కిటికీలోంచి చూస్తూ చిన్నోడు హాయిగా ఉన్నాడు. చేతికిచ్చిన బొమ్మతో మాత్రం పావుగంటే! తర్వాత విసిరికొట్టాడు. దాన్ని దాచేసి గంట తర్వాత ఇస్తే మళ్ళీ కొత్తదే. ఇంటికి రాగానే పది చిన్న వస్తువులు సర్దాను. స్టీలు గిన్నె, చెంచా, మూత డబ్బా, బొమ్మల పుస్తకం, వాడు పట్టుకుని పడుకునే నా పాత చీర ముక్క. ఒకేసారి అన్నీ తీయకూడదు, అదే కిటుకు.

కోదాడలో వియ్యపురాలు ఉగ్గు పొడి చేసిచ్చింది. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి విసిరిన పొడి. విమానంలో వేడినీళ్లు అడిగితే ఇస్తారు, కలిపి చల్లార్చి పెట్టడమే. చేతి సామానులో ద్రవాలు 100 మిల్లీలీటర్లు మించకూడదన్న నిబంధన పసిపిల్లల పాలకు, ఆహారానికి వర్తించదు. తనిఖీ దగ్గర ముందే చెబితే చాలు.

సూర్యాపేటలో పిల్లల డాక్టరును కలిశాం. ''నిద్ర మందు ఏమైనా రాస్తారా?'' అని అడిగింది మా అమ్మాయి. ఆయన వద్దనేశారు. జలుబు సిరప్‌లు మత్తు కోసం వాడకూడదనీ, కొందరు పిల్లల్లో అవి ఎదురు తిరిగి మరింత చిరాకు పుట్టిస్తాయనీ చెప్పారు. విమానం దిగేటప్పుడు లోపల గాలి పీడనం పెరుగుతుంది. పిల్లల చెవి గొట్టాలు సన్నం కాబట్టి నొప్పెడుతుంది. మింగుతుంటే ఆ గొట్టం తెరుచుకుంటుంది. అందుకే కిందికి దిగడం మొదలవగానే పాలు పట్టాలట. వచ్చేటప్పుడు వాడు గుక్కపట్టింది ఎందుకో అప్పుడు అర్థమైంది.

దోహా దాకా నాలుగున్నర గంటలు, అక్కడి నుంచి డాలస్‌కు పదహారు గంటలు. టికెట్టు కొనేటప్పుడే ముందు వరుసలో ఉయ్యాల అడిగి పెట్టుకున్నాం. రెండేళ్లలోపు వాళ్లకు విడిగా సీటుండదు మరి. బరువు, పొడవు పరిమితి ఒక్కో విమాన సంస్థకు ఒక్కోలా ఉంటుంది, కనుక్కోవాలి. దోహాలో వాణ్ని ఒళ్లో పెట్టుకోకుండా అలసిపోయేదాకా నడిపించాను.

అయినా ఏడవలేదా? ఏడ్చాడు! సగం దారిలో, అందరూ నిద్రపోతున్నప్పుడు నలభై నిమిషాలు. మా అమ్మాయి ముఖం పాలిపోయింది. ''నువ్వు కూసో బిడ్డా'' అని వాణ్ని భుజాన వేసుకుని వెనక్కి నడిచాను. చీర ముక్క ఇచ్చి వచ్చిన పాటేదో పాడాను. దారిలో ఓ పెద్దాయన కళ్లు తెరిచి, ''పిల్లలు ఏడవకుంటే ఇంకెవరు ఏడుస్తరమ్మా'' అన్నాడు తెలుగులో. ఆ ఒక్క మాటకు మా ఇద్దరి ప్రాణాలూ కుదుటపడ్డాయి. కాసేపటికి చిన్నోడూ పడుకున్నాడు.

దిగే ముందు పాలు పట్టాం. చెవులు పట్టుకోలేదు, ఏడవలేదు. మిగిలిన ఉగ్గు పొడి విమానంలోనే వదిలేశాం. తిండి పదార్థాలుంటే అమెరికాలో కస్టమ్స్ వాళ్లకు చెప్పి తీరాలి. ఆగస్టులో మనకూ డాలస్‌కూ పదిన్నర గంటల తేడా. వారం రోజులు వాడు అర్ధరాత్రి లేచి ఆడాడు, నేనూ ఆడాను.

నాకు తెలిసిందొక్కటే. పిల్లాడు ఏడవకపోవడం కాదు, తల్లి బెదిరిపోకుండా ఉండటం ముఖ్యం. తోడు వెళ్లడం అందరికీ కుదరదు. విమానంలోనో, బస్సులోనో అలాంటి తల్లి కనిపిస్తే, అయిదు నిమిషాలు పిల్లాణ్ని ఎత్తుకుంటానని అడగండి. అదీ కుదరకపోతే ఓ నవ్వు నవ్వండి చాలు.

నేను తిరిగొచ్చే రోజు సామాను సర్దుతూ మా అమ్మాయి అంది: ''వచ్చే ఏడు బతుకమ్మకు వస్తం అమ్మా.''

మిర్యాలగూడలో ఇప్పటినుంచే రోజులు లెక్కపెడుతున్నాం.