అమ్మా, నీకు వీలు ఉందా?

ఈసారి రాయడం ఆలస్యమైంది. ఇంట్లో పెళ్లి పనులు. పెళ్లికూతురు మా అమ్మ.

అమ్మ వయసు 61. నాన్న పోయి ఆరేళ్లు. గుడిలో పరిచయమైన ఒకాయనను అమ్మ పెళ్లి చేసుకుంటోంది. ఆయన భార్య కూడా పోయారు, ఒక కొడుకు ఉన్నాడు. నేను ఆయన్ని అంకుల్ అంటాను. నాకు సంతోషమే. అమ్మది రాజమండ్రి, 1881లో వీరేశలింగం గారు వితంతు వివాహం జరిపించిన ఊరు. "మా ఊరివాళ్లకి ఇది కొత్తా?" అని అందరితో అంటోంది.

కానీ ఒక విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. నాన్న పోయాక అమ్మ ఒక విల్ రాసింది. ఈస్ట్ హామ్‌లో మా ఇల్లు నాకూ తమ్ముడికీ చెరి సగం అని. అయితే ఇంగ్లండ్, వేల్స్‌లో పెళ్లి చేసుకుంటే ముందు రాసిన విల్ దానంతట అదే రద్దవుతుంది. 1837 నాటి చట్టం అది. (స్కాట్లండ్‌లో అలా కాదు.) కొత్తది రాయకుండా మనిషి పోతే, మొదటి 3,22,000 పౌండ్లు, ఆ పైన ఉన్నదాంట్లో సగం భర్తకు వెళ్తాయి. మిగిలిన సగమే పిల్లలకు.

ఇది ఇంగ్లీషులో చెప్తే లాయరు ఉత్తరంలా ఉంటుంది. తెలుగులో చెప్పాలి. విల్లు అందామంటే అది రాముడు విరిచినది. సరైన మాట వీలునామా. రెండు రోజులు బట్టీ పట్టాను. వంటింట్లోకి వెళ్లి, భయంలో "నామా" మింగేశాను.

"అమ్మా, నీకు వీలు ఉందా?"

"ఇప్పుడెక్కడ వీలవుతుందే, పోపు మాడిపోతోంది!"

పోపు అయ్యాక మళ్లీ అడిగాను. అమ్మ నావైపు చూడలేదు. "ఇంటి గురించా?" అంది. సిగ్గేసింది. ఈ మాట పుస్తకంలో ఎప్పుడో నేర్చుకున్నాను, ఆ రోజు అర్థమైంది.

"ఇల్లు మీదే. కానీ నేను పోయిన మర్నాడే ఆయన్ని బయటికి పంపేస్తారా?"

నేను అది ఆలోచించనే లేదు.

లాయరు దారి చూపించారు. పెళ్లికి ముందే కొత్త వీలునామా రాయొచ్చు. ఫలానా ఆయనతో పెళ్లి జరగబోతోందని, ఆ పెళ్లితో ఇది రద్దు కాకూడదని అందులోనే రాయాలి. మా ఇంట్లో అంకుల్ బతికున్నంతకాలం ఉండొచ్చు, ఆ తర్వాత ఇల్లు మాకు. ఎవరూ అడగకుండానే అంకుల్ తన ఫ్లాట్ గురించి కూడా ఇలాగే రాయిస్తున్నారు.

ఇంకొకటి, నాన్న ఆఫీసు పెన్షన్‌లో కొంత అమ్మకు వస్తోంది. కొన్ని పాత స్కీముల్లో మళ్లీ పెళ్లి చేసుకుంటే అది ఆగిపోతుంది. తేదీ పెట్టకముందే ఉత్తరం రాసి అడిగాం. ఆగదని జవాబు వచ్చింది. అమ్మ సొంత పెన్షన్ ఫారంలో మాత్రం ఇంకా నాన్న పేరే ఉంది. పెన్షన్ డబ్బు చాలావరకు వీలునామా ప్రకారం వెళ్లదు, ఆ ఫారం విడిగా మార్చాలి. అమ్మ దాన్ని చాలాసేపు చేతిలోనే పట్టుకుని కూర్చుంది. నేను టీ పెట్టాను.

సంతకాలు గురువారం. నేను సాక్షి సంతకం చేయకూడదు. ఆస్తి వచ్చేవాళ్లు సాక్షిగా ఉంటే వాళ్ల వాటా పోతుంది. అందుకని పక్కింటి ఆంటీ, అంకుల్ వస్తున్నారు. అమ్మ వాళ్లకి పులిహోర చేస్తానంటోంది.