మామ్మ పిడికెడు బియ్యం

 

ఈ వారం మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలని రాస్తున్నాను.

మన మందిరం వెనక వీధిలో ఉండే మామ్మ మీకందరికీ తెలుసు. పేరు రాయొద్దంది కాబట్టి రాయను. 82 ఏళ్లు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థన చేసుకుంటుంది, వాకిలి ఊడుస్తుంది. గ్యాస్ పొయ్యి ఉన్నా వేడినీళ్లు కట్టెల పొయ్యి మీదే కాస్తుంది. అలాంటి మనిషి కొన్ని నెలలుగా ఆదివారం ఆరాధనకు రావడం లేదు. మోకాళ్ల నొప్పులేమో అనుకుని నేనూ ఊరుకున్నాను. మొన్న ఒకటో తారీకున వెళ్లాను.

నేను వెళ్లేసరికి పింఛను ఇచ్చే అబ్బాయి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. “వేలు గట్టిగా ఒత్తు మామ్మా” అంటున్నాడు. నాలుగుసార్లు ఒత్తింది. మిషను తీసుకోలేదు. చివరికి ఫోనులో ముఖం చూపించి నాలుగు వేలు ఇచ్చి వెళ్లాడు. మామ్మ తన వేళ్లు చూసుకుని నవ్వింది. “గీతలేమైనా మిగిలితేగా అయ్యగారూ. అన్నీ ఊడ్పుల్లో బురదకే అరిగిపోయినయ్యి” అంది.

ఆ మాట మీద పాత రోజులు మొదలుపెట్టింది. అప్పట్లో కూలి కుంచాలతో ధాన్యంగా కొలిచేవారట. రాత్రికి రోట్లో దంచుకుంటేనే అన్నం. పని లేని రోజుల్లో నూకల జావ, గంజి. 1983లో రామారావుగారు రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చినప్పుడు పిల్లలకు రెండు పూటలా కడుపునిండా అన్నం పెట్టి, తాను కూర్చుని ఏడ్చిందట. పింఛను 200 రూపాయలు ఉన్నప్పుడే అదెంతో గొప్పగా ఉండేదట.

అలా వింటుంటే మూలన ఒక పాత డాల్డా డబ్బా కనపడింది. నిండా బియ్యం. ఏమిటని అడిగాను.

“మందిరం బియ్యం అయ్యగారూ. మీరు తీసుకోటం మానేశారు. నేను తీయటం మానలేదు.”

నాకు నోట మాట రాలేదు.

చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు. మన సంఘాల్లో ఆడవాళ్లు అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన ఉంచేవారు. ఆదివారం అదంతా మందిరానికి తెచ్చేవారు. దాంతోనే సేవకుని ఇల్లు గడిచేది. రెండేళ్ల క్రితం మన యవ్వనస్థులు క్యూఆర్ కోడు పెట్టించారు. మంచి పనే. దూరాన ఉన్నవారు కానుక పంపగలుగుతున్నారు, లెక్కలు తేటగా ఉంటున్నాయి. అప్పుడే నేను, బియ్యం పురుగు పడుతోంది, ఇక వద్దు అని చెప్పాను. ఎవరూ కాదనలేదు. మామ్మను నేను అడగలేదు.

పురుగు ఒక్కటే కారణం కాదు. మా నాన్నగారు కూడా సేవకుడే. మేము ఆ పిడికెళ్ల మీదే పెరిగాం. సన్నబియ్యం, దొడ్డుబియ్యం, నూకలు, రేషను బియ్యం అన్నీ ఒకే గంపలో కలిసేవి. వండితే కొంత మెత్తబడేది, కొంత పలుకుగానే ఉండేది. బడిలో నా క్యారియర్ చూసి ఒకడు “అడుక్కొచ్చిన అన్నం” అన్నాడు. ఆ సిగ్గు ఇన్నేళ్లు నాలో ఉండిపోయింది. గంప తీసేయడానికి నేను ఎందుకంత తొందరపడ్డానో ఆ డబ్బా చూశాకే నాకు అర్థమైంది.

“కానుక సంచి ఉందిగా మామ్మా” అన్నాను.

“పింఛన్లో దశమభాగం మనవడితో పంపుతూనే ఉన్నా. డబ్బు నెలకోసారి గుర్తొచ్చేది, బియ్యం పూటపూటా గుర్తొచ్చేది. ఉత్త చేతుల్తో గుడికి ఎట్టా రాను?”

తర్వాత ఉప్పెన సంగతి చెప్పింది. 1977 నవంబరు 19. దివిసీమలో వేలమందిని సముద్రం తీసుకుపోయిన రోజు. ఆమె గుడిసె పోయింది, పాక మందిరం కూడా పోయింది. సహాయం చేసేవాళ్లు బియ్యం పంచితే, మొదటి పూట వండేటప్పుడే పిడికెడు తీసి చెంగున ముడేసుకుందట. “తినటానికే లేదు, ఇవ్వటానికి మందిరమే లేదు, ఎందుకు తీశావు?” అని అడిగాను.

“తీయకపోతే అడుక్కునేదాన్నే అనిపించింది అయ్యగారూ. తీస్తే నేనూ ఒక ఇంటిదాన్నే.”

నేను సిగ్గుపడిన ఆ అన్నం వెనక ఇంత గౌరవం ఉందని నాకు ఎన్నడూ తెలియలేదు.

ప్రియులారా, 1 రాజులు 17వ అధ్యాయం తీసి మళ్లీ చదవండి. కరువు కాలంలో దేవుడు ఏలీయాను కలిగినవారి ఇంటికి పంపలేదు. కొంచెం పిండి, కాస్త నూనె తప్ప ఏమీ లేని సారెపతు విధవరాలి దగ్గరికి పంపాడు. ప్రవక్త ఆమెకు ఏదో ఇవ్వడానికి ముందు ఆమెనే అడిగాడు. ఆమె విశ్వాసం గురించి ఎన్నోసార్లు ప్రసంగించాను. లేనిదాని చెయ్యి కూడా పెట్టే చెయ్యేనని దేవుడు ఎంచిన సంగతి మాత్రం ఇప్పుడే కనిపించింది. మనం పెద్దవాళ్లకు మందులు కొంటాం, డబ్బు పంపుతాం. వాళ్ల దగ్గర తీసుకోవడం మాత్రం మానేశాం. కాలం మారిందంటాం. ఇచ్చే చోటు లేకపోతే వాళ్లు మెల్లగా ఇంట్లోనే ఉండిపోతారు.

ఈ ఆదివారం నుంచి మందిరం గుమ్మం పక్కన గంప ఉంటుంది. క్యూఆర్ కోడూ ఉంటుంది. వచ్చిన బియ్యంతో ఒంటరిగా ఉన్న పెద్దవాళ్లతో కలిసి ఆరాధన తర్వాత భోజనం చేద్దాం. అన్నం కొంచెం పలుకుగా ఉంటే ఏమీ అనుకోవద్దు.

దూరాన ఉన్న బిడ్డలారా, ఈ వారం అమ్మకు ఫోను చేసినప్పుడు డబ్బు అందిందా అని మాత్రమే అడగకండి. ఆమెను ఏదైనా ఒకటి అడగండి. పచ్చడి కావాలనండి, ఫలానా విషయం గురించి ప్రార్థన చేయమనండి. ఆ గొంతులో మార్పు మీకే తెలుస్తుంది.

ప్రభువా, అరిగిపోయిన ఆ వేళ్లు నీకు తెలుసు. మేము కాదన్న పిడికెడును నీవు కాదనలేదు. మమ్మల్ని క్షమించి, పుచ్చుకోవడం కూడా నేర్పించు. ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ పాస్టరు